ట్రాక్టరు ఇంజనుకు దినచర్య

పూర్వము రైతు తెల్లవారకముందే లేచి, ఎడ్లకు కుడితి పెట్టి, మేత వేసి, మెడమీద కాడిపుండ్లున్నవేమో చూచుకొనిన తరువాతనే అరక కట్టెడివాడు. నేడు పెక్కు గ్రామములలో ఎడ్ల స్థానమునకు ట్రాక్టరు వచ్చినది. కాని ఎడ్లమీద చూపిన శ్రద్ధను ట్రాక్టరుమీద చూపువారు తక్కువ. జబ్బుపడిన ఎద్దు మేత మాని తన బాధను తెలుపును. ఇంజను చాలకాలము పైకి ఏమియు తెలియనీయక లోలోపల అరిగి, భూమి మంచి పదునుమీద ఉన్నప్పుడో, నాట్లకు దమ్ము చేయునప్పుడో మొరాయించును. అప్పుడు మరమ్మతు ఖర్చు ఒక ఎత్తు, తప్పిపోయిన అదును మరియొక ఎత్తు.

ఇంజనును అకాలముగా అరగదీయువానిలో ముఖ్యమైనది దుమ్ము. ప్రతి ఉదయము పావుగంట వినియోగించినచో ఈ నష్టమును చాలవరకు తప్పించుకొనవచ్చును.

ఇంజను పనిచేయు విధము

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండదు. సిలిండరులో చేరిన గాలిని పిస్టను పైకి వచ్చుచు సుమారు 17వ వంతునకు అణచును. ఆ ఒత్తిడికి గాలి 500 సెంటీగ్రేడు డిగ్రీలకు మించి వేడెక్కును. అందులోనికి ఇంజెక్టరు సన్నని రంధ్రములగుండ డీజిలును చిమ్మగా, అది తనంత తానే మండి పిస్టనును క్రిందికి నెట్టును. కనుక ఒత్తిడి ఉన్నంతవరకే ఇంజనుకు బలము. పిస్టను చుట్టునుగల రింగులు ఆ ఒత్తిడి జారిపోకుండ కాపాడును. రింగులు అరిగినచో ఇంజను ఉదయమున సులభముగా స్టార్టు కాదు. ఆయిలు త్వరగా తరుగును. పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చును.

గాలి

ఒక లీటరు డీజిలు మండుటకు తక్కువలో తక్కువ 10 వేల లీటర్ల గాలి కావలెను. గంటకు 4 లీటర్ల డీజిలు త్రాగు ట్రాక్టరు అదే గంటలో 40 వేల లీటర్లకు పైగా గాలిని పీల్చును. పొడి దుక్కిలో ఆ గాలినిండ దుమ్మే. దుమ్ములోని ఇసుక నలుసు ఇనుముకంటె గట్టిది. అది ఆయిలుతో కలిసి సిలిండరు గోడలను, రింగులను ఆకురాయివలె అరగదీయును. దీనిని ఆపునది ఎయిర్ క్లీనరు ఒక్కటే.

ఆయిలు గిన్నెగల క్లీనరయినచో ప్రతిదినము గిన్నెను విప్పి చూడవలెను. అడుగున బురద పేరుకొనిన యెడల ఆయిలును పారబోసి, గిన్నెను కిరసనాయిలుతో కడిగి, ఇంజనుకు వాడు ఆయిలునే గీతవరకు పోయవలెను. గీతకు తగ్గినచో దుమ్ము చిక్కదు; మించినచో ఆయిలు ఇంజనులోనికి పోవును. క్రొత్త ట్రాక్టర్లలోని కాగితపు ఫిల్టరును రాతికి కొట్టి దులుపరాదు. తక్కువ ఒత్తిడిగల గాలిని లోపలినుండి బయటికి పోవునట్లు మాత్రమే కొట్టవలెను. చిరిగినచో మార్చవలెను.

క్లీనరునుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టమును మరువరాదు. అది పగిలినను, దాని క్లిప్పు వదులయినను, క్లీనరు ఎంత శుభ్రముగా ఉన్నను ప్రయోజనము లేదు. దుమ్ము దొడ్డిదారిన లోపలికి పోవును.

డీజిలు

డీజిలు పంపులోని భాగముల మధ్య సందు వెంట్రుక మందములో పదవ వంతు కూడ ఉండదు. కొద్దిపాటి మన్ను, నీరు చేరినను అవి చెడిపోవును. డ్రమ్ములోని డీజిలును ఒక దినము కదల్చక ఉంచి, అడుగుది వదలి, వడగట్టి పోయవలెను. టాంకిని సాయంకాలము పని ముగియగానే నింపుట మంచిది. ఖాళీ టాంకిలోని గాలితేమ రాత్రి చలికి నీరై డీజిలులో కలియును. ఫిల్టరు అడుగున చేరిన నీటిని ఉదయమున వదలివేయవలెను. డీజిలు పూర్తిగా అయిపోవువరకు నడుపరాదు. గొట్టములలో గాలి చేరి ఇంజను ఆగిపోవును.

ఆయిలు, నీరు

ట్రాక్టరును మట్టమైన చోట నిలిపి, ఇంజను స్టార్టు చేయకముందే ఆయిలు పుల్లను తీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి చూడవలెను. మట్టము రెండు గీతల నడుమ ఉండవలెను. స్టార్టు చేసిన పిదప ఆయిలు ఒత్తిడి చూపనిచో వెంటనే ఆపవలెను. చల్లని ఇంజనుమీద ఒక్కసారిగా బరువు పెట్టక, కొద్ది నిముషములు నెమ్మదిగా తిరుగనీయవలెను.

రేడియేటరులో మంచినీరు పోయవలెను. ఉప్పునీరు వాడినచో లోపల పొర కట్టును. కంపెనీ శీతలద్రవము సూచించినచో దానినే వాడవలెను. నూర్పిడి దినములలో రేడియేటరు జల్లికి గడ్డి, పొట్టు అంటుకొని గాలి ఆడక ఇంజను కాగును. దానిని మధ్యమధ్య దులుపవలెను. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మూత తీయరాదు. మరుగుచున్న నీరు ముఖముమీదికి చిమ్మును.

దమ్ము చేసిన పిదప

బురదలో పని ముగిసిన దినముననే ట్రాక్టరును కడిగి, ముందు ఇరుసు మొదలగుచోట్ల పాతగ్రీజు, బురద బయటికి వచ్చువరకు క్రొత్తగ్రీజు ఎక్కించవలెను. చేలో మలుపులకై విడదీసిన బ్రేకు పెడలు రెండింటిని రోడ్డెక్కుటకు ముందు తప్పక జతపరచవలెను. లేనిచో వేగములో ఒక ప్రక్క చక్రమునకే బ్రేకు పడి ట్రాక్టరు తిరగబడును.

లెక్క పుస్తకము

ట్రాక్టరులోని గంటల మీటరును చూచి ఆయిలు, ఫిల్టర్లు ఎన్ని గంటలకు మార్చినది ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. గడువు మోడలునుబట్టి మారును. కంపెనీ ఇచ్చిన పుస్తకములోనిదే ప్రమాణము. రైతుసంఘములు అద్దెకిచ్చు ట్రాక్టర్లకు డ్రైవర్లు మారుచుందురు. ఎవరికివారు ముందటివాడు చూచియుండునని తలచుటచే అవి త్వరగా చెడును. గ్రామాధికారులు అట్టి ట్రాక్టరుకు ఈ పుస్తకము ఉండునట్లును, ప్రతి డ్రైవరు అందులో సంతకము చేయునట్లును చూడవలెను.

అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో ఈ పనులను నేర్పుదురు. గ్రామమునకొక యువకుడైన అట్లు నేర్చినచో ఊరికంతటికిని మేలు.

గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనరాదు. రేపు ఉదయము ట్రాక్టరును కదల్చుటకు ముందు ఎయిర్ క్లీనరును విప్పి చూడుడు.