బాల్సా స్పిట్‌ఫైర్ - బరువు లెక్క

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకం చూసి, నాంపల్లి గదిలో బాల్సా చెక్కతో రేడియో స్పిట్‌ఫైర్ కట్టాను. 1940లో బ్రిటన్ గగనయుద్ధంలో 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్ నడిపినది ఈ విమానాన్నే. ఆ దళం చిహ్నం నిజాం తలపాగా!

బాల్సా ఘనమీటరుకు సుమారు 160 కిలోలే, టేకులో నాలుగోవంతు. అయినా మా ఊరి బీడులో లేచీ లేవగానే ముక్కెత్తి, వేగం చచ్చి కూలింది. ఏడాది కూడబెట్టిన డబ్బు!

"ముందటి కుండల నీళ్లు తక్కువ పోసి కావడెత్తినవేందిరా?" అన్నాడు నాన్న.

సరిగ్గా అదే తప్పు. స్పిట్‌ఫైర్ ముక్కు పొట్టి. తోకకు పూసిన ఒక గ్రాము జిగురుకు ముక్కులో రెండు మూడు గ్రాములు కావాలి. గరిమనాభి రెక్క ముందంచు నుంచి సగటు వెడల్పులో మూడోవంతు దాటకూడదు. సీసం వేసేముందు బ్యాటరీని ముందుకు జరపండి. దాని బరువు ఎలాగూ మొయ్యాలి కదా. ఇప్పుడు నేను ఆ గుర్తు దగ్గర రెండు వేళ్ళ మీద నిలిపి, ముక్కు కాస్త వాలితేనే మీట ముట్టుకుంటున్నాను.