మోచేతి స్నాయువు తెగినప్పుడు

దండచేతి ముందరి కండను ముంజేతి ఎముకకు కట్టియుంచు గట్టి త్రాటివంటిది స్నాయువు. జారుచున్న బస్తాను వంచిన చేతితో ఆపబోయినప్పుడు ఇది టప్పున తెగుట కలదు. 40 యేండ్లు దాటిన పురుషులకే యెక్కువ. పొగ త్రాగువారికి మరింత. పెద్దలు పొగాకు వలదన్నది ఇందుకు కాకపోయినను ఇక్కడను మేలే. కండ పైకి ముడుచుకొని, మోచేతి మడత కమిలిపోవును. నొప్పి కొన్నాళ్లకు తగ్గును గనుక బెణుకని కాపడము పెట్టి ఊరకుండువారు కలరు. అదే చిక్కు. చేయి మడుచుటకు వేరొక కండ సాయపడును గాని, తాళము త్రిప్పు బలము చాల తగ్గిపోవును.

2, 3 వారములలోపల శస్త్రచికిత్సచేసి స్నాయువును ఎముకకు తిరిగి బిగించుట మేలు. ఆలస్యమైనకొలది అది ముడుచుకొనిపోయి అందదు. వేరొకచోటి స్నాయువు తెచ్చి అతుకవలసి రావచ్చును. పిమ్మట కొన్నాళ్లు కట్టు, తరువాత మెల్లగా వ్యాయామము. ముంజేతి తిమ్మిరి సామాన్యముగా తగ్గిపోవును. బస్తాలెత్తుటకు మాత్రము 3, 4 నెలలైనను ఆగవలెను.