స్కోర్‌బోర్డు మీద ఆ సున్నా ఎవరిది?



పోయిన పేరెంట్స్ మీటింగులో ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు చూసి, "ఇరవై ఏడో ర్యాంకా?" అన్నారు. పిల్లాడు తల వంచుకున్నాడు. క్లాసులో ఎవరైనా జ్వరమొచ్చి నాలుగు రోజులు రాకపోతే, దగ్గర కూర్చుని నోట్సు రాయించేది ఆ పిల్లాడే. ఆ మాట నేను అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. అందుకే ఈ నెల పాఠం ఒక డిఫెండర్ గురించి.

1970, బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్. ఫుట్‌బాల్ కాంస్య పతకం కోసం ఆడిన మ్యాచ్‌లో భారత్ 1-0తో జపాన్‌ను ఓడించింది. మన కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, 1944లో హైదరాబాద్‌లో పుట్టిన డిఫెండర్. ఆ స్కోరులో 1 అందరికీ కనబడుతుంది. పక్కనున్న 0 మాత్రం గోల్‌కీపర్‌తో కలిసి డిఫెండర్లు సంపాదించింది. మార్కుల్లో సున్నా చూస్తే మనకు గుండె జారిపోతుంది. డిఫెండర్‌కు అదే ఫస్ట్ ర్యాంకు. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు ఇంకో పతకం రాలేదు.

డిఫెండర్ ఊరికే బంతి వెంట పరుగెత్తడు. ఎదుటివాడు ఎటు వస్తాడో ముందే పసిగట్టి అక్కడ నిలబడతాడు. తోటివాడు తప్పిపోతే ఆ ఖాళీ తాను పూడుస్తాడు. వెనక నుంచి మైదానమంతా కనబడుతుంది కాబట్టి ముందున్నవాళ్లను కేకేసి హెచ్చరిస్తాడు. గమనించడం, ఆదుకోవడం, చెప్పడం. కోచ్‌కు కావాల్సినవీ ఇవే.

నయీముద్దీన్ తర్వాత కోచ్ అయ్యారు. క్రమశిక్షణలో చాలా కఠినమని పేరు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ జట్టు డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్, ఐఎఫ్ఏ షీల్డ్ మూడూ గెలిచింది. భారత జట్టుకూ కోచ్‌గా చేశారు. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య, రెండు అవార్డులూ అందుకున్న అరుదైన వ్యక్తి.

మన సీమవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు 14వ శతాబ్దం నాటిది. చెరువు నిండితే అందరూ నీళ్లనే చూస్తారు, కట్టను ఎవరూ మెచ్చుకోరు. కట్ట తెగితేనే దాని మాట ఎత్తుతారు. కొందరు పిల్లలు ఆ కట్టలాంటివాళ్లు.

ఇంట్లో చేయాల్సిన పని: ఈ ఆదివారం పిల్లలతో కలిసి ఏదైనా ఫుట్‌బాల్ మ్యాచ్ చూడండి. పది నిమిషాలు బంతిని వదిలేసి ఒక్క డిఫెండర్‌నే చూడండి. బంతి దగ్గర లేనప్పుడు అతను ఏం చేస్తున్నాడో పిల్లల చేత చెప్పించండి. తర్వాత, "ఈ వారం క్లాసులో నువ్వు ఎవరికి సాయపడ్డావు?" అని అడగండి.

జవాబును డైరీలో ఒక్క వాక్యం రాసి పంపండి. వచ్చే మీటింగులో ర్యాంకు కంటే ముందు ఆ వాక్యమే చదువుదాం. ఈసారి నేను మరిచిపోను.