గడువులోగా బడ్జెట్

1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రానికి మారింది. నేడది తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. ఏప్రిల్ 1 ఆర్థిక సంవత్సరానికి తొలిరోజు. ఆనాటి నుండి అక్కడి బడులకు, రోడ్లకు డబ్బు మంజూరు చేసే బాధ్యత మద్రాసు శాసనసభపై పడింది.

ప్రభుత్వపు ఏడాది ఆదాయ వ్యయాల అంచనాయే బడ్జెట్. శాసనసభ చట్టం చేయనిదే రాష్ట్ర ఖజానా నుండి డబ్బు తీయరాదని రాజ్యాంగం 204వ అధికరణం చెబుతోంది. బడ్జెట్ ఆలస్యమైతే, కొంతకాలపు ఖర్చుకు సభ ముందుగా అనుమతి ఇవ్వవచ్చు.

పనికి రాని రోజున కూలీకి కూలి లేదు. మరి బడ్జెట్‌ను ఆలస్యం చేసిన శాసనసభ్యులకు జీతం ఇవ్వాలా? అమెరికాలోని కాలిఫోర్నియా ప్రజలు వద్దన్నారు. జూన్ 15లోగా బడ్జెట్‌ను ఆమోదించకపోతే, ఆలస్యమైన రోజులకు జీతం ఉండరాదని 2010లో ఓటు వేసి నియమం చేశారు. 2011లో సభ్యులు గడువులోగానే బడ్జెట్‌ను ఆమోదించారు. అయినా ఆదాయానికి, వ్యయానికి పొంతన లేదని రాష్ట్ర లెక్కల అధికారి జీతాలు నిలిపివేశాడు. అలా నిర్ణయించే అధికారం ఆయనకు లేదని 2014లో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది.

మన దేశంలో ఇటువంటి నియమం లేదు. 2018లో మన లోక్‌సభ గందరగోళం నడుమ, చర్చ లేకుండానే బడ్జెట్‌ను ఆమోదించింది. గడువు తప్పలేదు. కాని ఏ ఊరికి ఏమి అవసరమో సభలో ఎవరూ చెప్పలేకపోయారు. జీతం కోత గడువును కాపాడవచ్చు. చర్చను కాపాడవలసినవారు సభ్యులు, వారిని ఎన్నుకొనే ప్రజలు.