తాతనే అడగండి: వృద్ధుల క్యాన్సర్‌పై పరిశోధన చేసే పిల్లలకు మేము నేర్పే పాఠము



అట్టకు కాగితాలు పెట్టుకొని మన వార్డులలో మంచం మంచం దగ్గర కూర్చుంటున్న యువతీ యువకులను మీలో కొందరు చూసే ఉంటారు. వీరు పి.జి. డాక్టర్లు, ఎం.ఎస్సి. నర్సింగ్ విద్యార్థులు. పెద్ద వయసులో క్యాన్సర్ వచ్చినవారికి వైద్యము ఎలా మెరుగుపరచాలో పరిశోధన చేస్తున్నారు. "మా నాయన మీద ప్రయోగాలు చేస్తరా సిస్టరమ్మా?" అని ఒక కుటుంబము వారు మమ్మల్ని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అందుకే ఈ నెల పాఠము దాని మీద.

క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది వయసు మీద పడ్డాకే. కాని మందులను పరీక్షించిన అధ్యయనాలలో చాలావరకు వయసులో చిన్నవారిని, వేరే జబ్బులు లేనివారిని తీసుకున్నారు. దానివలన డెబ్బై అయిదేండ్ల అవ్వకు ఎంత మందు తగునో చెప్పడము కష్టమయ్యేది. ఒకచోట పూర్తి మోతాదు ఇచ్చి మనిషిని మంచాన పడేయడము, ఇంకొకచోట "ఈ వయసులో ఎందుకులే" అని ఏమీ ఇవ్వకుండా ఇంటికి పంపడము, రెండూ చూశాము. రెండూ తప్పే.

అమెరికాలోని కాలిఫోర్నియాలో డాక్టర్ ఆర్తీ హురియా అనే వైద్యురాలు ఉండేవారు. వృద్ధుల వైద్యము, క్యాన్సర్ వైద్యము రెండూ చదివినవారు. 65 ఏండ్లు దాటిన 500 మంది రోగులను 7 ఆసుపత్రులలో పరిశీలించి ఆమె బృందము 2011లో ఫలితాలు ప్రకటించింది. కీమో వలన నూటికి 53 మందికి తీవ్రమైన దుష్ఫలితాలు కలిగాయి. ఎవరికి కలుగుతాయో ముందే చెప్పగలిగినవి రక్తపరీక్షలు, వయసు మాత్రమే కావు. గత ఆరు నెలలలో కింద పడ్డారా, చెవులు వినబడతాయా, మాత్రలు తామే వేసుకోగలరా, కొంత దూరము నడవగలరా అన్న సామాన్యమైన ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఇవన్నీ నర్సులు రోజూ అడిగే ప్రశ్నలే! ఆమె 2018 నవంబరులో రోడ్డు ప్రమాదములో చనిపోయారు. అయినా పని ఆగలేదు, ఎందుకంటే ఆమె చిన్న పరిశోధకులను ఎందరినో దగ్గర కూర్చోబెట్టుకొని తీర్చిదిద్దారు. ఆమెతో కలిసి పనిచేసిన డాక్టర్ సుప్రియా మోహిలే 2021లో 70 ఏండ్లు దాటిన 718 మందిపై అధ్యయనము ప్రచురించారు. ఇటువంటి పరీక్ష చేసి దాని ఫలితాన్ని డాక్టరుకు ముందే చెప్పినచోట తీవ్రమైన దుష్ఫలితాలు నూటికి 71 నుండి 51కి తగ్గాయి, ఆయుష్షు మాత్రము తగ్గలేదు. మన దేశములో ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 2018 నుండి వృద్ధుల క్యాన్సర్‌కు ప్రత్యేక క్లినిక్ నడుపుతున్నది.

ఇక ఆ ప్రశ్నల కాగితము నల్లగొండకు, పాలమూరుకు వచ్చినప్పుడు ఏమవుతుందో చెప్తాము.

"ఒక బ్లాకు దూరము నడవగలరా?" అని అందులో ఉంటుంది. పోయిన ఏడు వచ్చిన ఒక విద్యార్థిని దానిని ఉన్నదున్నట్టు తెలుగు చేసి అడిగింది. తాత నవ్వి, "నడుస్త బిడ్డా, ఎందుకు నడవను" అన్నాడు. ఆ అమ్మాయి టిక్కు పెట్టింది. పక్కనే ఉన్న మా స్టాఫ్ నర్సు ఊరుకోలేదు. "తాతా, రేషన్ దుకాణం దాకా పోయి బియ్యం తెచ్చుకుంటున్నవా?" అని అడిగింది. "అది ఎప్పటిదో ముచ్చట. ఇప్పుడు బొడ్రాయి దాకనే పోత, ఆడ కూసోని ఊపిరి తీసుకుంట" అన్నాడు. టిక్కు కొట్టివేయవలసి వచ్చింది. ఆ ఒక్క టిక్కుతో కీమో మోతాదు లెక్క మారుతుంది.

వయసు సంగతీ అంతే. ఆధార్ కార్డులో జనవరి 1న పుట్టినవారు మన వార్డులో ఎందరో! ఒక పెద్దాయన కార్డు ప్రకారము డెబ్బై రెండు. కాని 1948లో రజాకార్ల లొల్లి నాటికి గొడ్లు కాసేవాడినని ఆయనే చెప్తున్నాడంటే ఎనభై దాటినట్లే. గడియారము బొమ్మ గీయించి జ్ఞాపకశక్తి చూసే పరీక్ష ఒకటి ఉంది. జన్మలో పలక పట్టనివారికి అది పెట్టి "మతిమరుపు" అని రాయడము అన్యాయము. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందము ఇటువంటి జ్ఞాపకశక్తి పరీక్షను తెలుగువారికి తగినట్లు మార్చింది. విద్యార్థులను అలాంటివి వెదకి వాడమంటాము.

"ఇంట్లో చూసుకొనేవారు ఉన్నారా?" అంటే "నలుగురు కొడుకులు" అంటారు, గర్వముగానే. ఇద్దరు బొంబాయిలో, ఇద్దరు పూణేలో మేస్త్రీ పనిలో ఉంటారు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొట్టమొదట మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. ఖర్చు భారము కొంత తగ్గింది. కాని మూడు వారాలకొకసారి హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి తోడు వెళ్ళే మనిషి కార్డుతో రాడు.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మర్రిగూడ వైపు నుండి నడుము నొప్పితో వచ్చే పెద్దలు మాకు కొత్త కాదు. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు గట్టిపడి వంగలేకపోవడము ఆ ఊర్లలో తరతరాల బాధ. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చినా పాత ఎముకలలో చేరినది పోదు. అట్లాంటి ఒక పెద్దాయన వస్తే మేమందరమూ "ఫ్లోరైడే" అనుకొని నొప్పి బిళ్ళలిచ్చి రెండుసార్లు పంపాము. మూడవసారి కాళ్ళు పడిపోయి వచ్చాడు. అది ప్రోస్టేటు గ్రంథి క్యాన్సర్, వెన్నెముకకు పాకింది. ఎక్స్‌రేలో ఫ్లోరైడ్ ఎముకా తెల్లగానే కనబడుతుంది, ప్రోస్టేటు క్యాన్సర్ చేరిన ఎముకా తెల్లగానే కనబడుతుంది. "రాత్రి పడుకున్నప్పుడు నొప్పి ఎక్కువవుతుందా? బరువు తగ్గారా? మూత్రము ఎట్లా వస్తున్నది?" అని ఆయనను ఎవరూ అడగలేదు. జవాబులన్నీ కొడుకే చెప్పాడు, మేమూ కొడుకు ముఖమే చూశాము. ఆయన మళ్ళీ నడవలేదు.

అందుకే మా దగ్గరకు వచ్చే ప్రతి విద్యార్థికి మొదటి రోజు కాగితము తెరవనివ్వము. స్టూలు వేసుకొని రోగి కళ్ళకు ఎదురుగా కూర్చోవాలి, చెవి దగ్గర నెమ్మదిగా మాట్లాడాలి, అన్నము తినేటప్పుడు చూడాలి, మంచము మీదనుండి లేచి బాత్‌రూముకు పోవడము చూడాలి. కొందరికి ఇది చిన్నతనముగా ఉంటుంది. రెండవ రోజుకు వాళ్ళ ప్రశ్నలే మారతాయి. ఆ విద్యార్థిని తన గైడు డాక్టరుతో వాదించి "బ్లాకు" మాటను తీయించింది. ఆ గైడు కూడా సంతోషముగా ఒప్పుకున్నారు. అట్లా వినే గైడులు అందరికీ దొరకరు.

మీ భయము సంగతికి వస్తే, అది ఊరికే పుట్టినది కాదు. 2009-10లో ఖమ్మం జిల్లా భద్రాచలం ప్రాంతములో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనము జరిగినప్పుడు, అనేకమంది బాలికల విషయములో తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. టీకా మంచిదే, నేడు ఎన్నో దేశాలు ఇస్తున్నాయి. తప్పు అడిగిన పద్ధతిలో ఉంది. ఐ.సి.ఎం.ఆర్. 2017 నియమాల ప్రకారము చదువురానివారి వేలిముద్ర తీసుకునేటప్పుడు పరిశోధన బృందముతో సంబంధము లేని, చదువుకున్న సాక్షి ఉండాలి. కాగితములో ఉన్నది తెలుగులో చదివి చెప్పాలి. ఒక ప్రతి మీకివ్వాలి. వద్దన్నా, మధ్యలో మానుకున్నా వైద్యము ఆగదు. ఇందులో ఏది జరగకపోయినా నేరుగా మా గదికి రండి. వేలిముద్ర తాతదైనప్పుడు ఒప్పుకోవడము కూడా తాతదే. కొడుకుది, అల్లునిది కాదు. జబ్బు పేరు ఆయనకు చెప్పవద్దని మమ్మల్ని బతిమాలే కుటుంబాల బాధ మాకు తెలుసు. కాని ఏ జబ్బో తెలియని మనిషి దేనికి ఒప్పుకున్నట్టు?

ఈసారి మీ పెద్దలను తీసుకొని వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకొని తెండి, ఊరిలో ఆర్.ఎం.పి. ఇచ్చినవి, పసరు మందులు కూడా. ఆరు నెలలలో ఎన్నిసార్లు కింద పడ్డారో దారిలో వారినే అడిగి గుర్తుపెట్టుకోండి. కాళ్ళలో కొత్తగా బలము తగ్గినా, మూత్రము ఆగిపోయినా ఓ.పి. రోజు కోసము చూడవద్దు, అదే రోజు, రాత్రి అయినా సరే, తీసుకొని రండి. విద్యార్థి వచ్చి స్టూలు వేసుకొని కూర్చున్నప్పుడు మీరు కాసేపు బయట టీ తాగి రండి. తాతనే మాట్లాడనివ్వండి.