కెర్నెల్ నిల్వ డ్రైవరు – సమష్టి కృషి

ఆత్మకూరు ప్రాంతపు వారికి తూము ప్రాముఖ్యమును వేరుగా చెప్పనక్కరలేదు. శ్రీశైలం జలాశయపు నీరు పోతిరెడ్డిపాడు, బానకచెర్ల మీదుగా వెలుగోడు జలాశయమునకు చేరును. నీరెంత నిల్వయున్నను తూము చెడినచో పొలమునకు అందదు. కంప్యూటరులో సమాచారము నిల్వయుండు డిస్కు జలాశయము వంటిది. ప్రోగ్రాములకును డిస్కునకును నడుమనుండు తూమే నిల్వ డ్రైవరు.

కంప్యూటరులోని యంత్రభాగములను, వానిని వాడుకొను ప్రోగ్రాములను అదుపులో నుంచు మూల ప్రోగ్రామునకు కెర్నెల్ అని పేరు. ఒక ప్రోగ్రాము సమాచారమును భద్రపరచుమని కోరినప్పుడు ఆ కోరిక మూడు మెట్లు దిగును. మొదట ఫైల్ సిస్టము, అది డిస్కుపై ఏ చోట ఉండవలెనో నిర్ణయించును. పిమ్మట బ్లాక్ విభాగము కోరికలను వరుసలో పేర్చి, పక్కపక్క చోట్లకు చెందినవానిని ఒకటిగా కలుపును. చివరకు డ్రైవరు దానిని డిస్కునకు అర్థమగు ఆజ్ఞగా మార్చి, సమాచారము మెమరీలో ఎచ్చటెచ్చట ఉన్నదో తెలుపు పట్టికను జతచేసి పంపును.

లైనక్స్ కెర్నెలును 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించినాడు. దాని మూల రచనను ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులో పనిచేయునది కూడ ఈ కెర్నెలే.

యంత్రములు మారినకొలది డ్రైవర్లును మారవలసివచ్చును. పాతదైన ఏ.హెచ్.సి.ఐ. పద్ధతిలో ఒక్కొక్క డిస్కునకు ఒకే వరుస, అందు 32 ఆజ్ఞలు మాత్రమే ఉండును. 2011లో వెలువడిన ఎన్.వి.ఎం.ఇ. ప్రమాణము 65,535 వరుసల వరకు అనుమతించినది. ఇంటెల్ సంస్థలో పనిచేయుచుండిన మాథ్యూ విల్కాక్స్ దానికి వ్రాసిన డ్రైవరు 2012లో లైనక్స్ 3.3లో చేరినది. కాని బ్లాక్ విభాగము పాత ఒంటి వరుసతోనే నడచుచుండెను. యెన్స్ ఆక్స్‌బో మొదలగువారు నిర్మించిన బహుళ వరుసల పద్ధతి 2014 జనవరిలో 3.13తో వచ్చినది.

ఈ మార్పు వలన వేగము పెరిగినది. కాని వేగమొక్కటే చాలదని 2018లో తెలిసివచ్చినది. ఆ సంవత్సరము అక్టోబరులో విడుదలయిన లైనక్స్ 4.19ను వాడిన కొందరి ఫైళ్లు పాడగుట మొదలైనది. తొలుత అనుమానము ఎక్స్ట్4 అను ఫైల్ సిస్టముపై పడినది. చెడును కనిపెట్టి కేక వేసినది అదియే గనుక, దోషియు అదియే యనుకొనిరి.

అప్పుడు వాడుకదారులే పరీక్షకులైరి. వారనుసరించినది సగభాగ పద్ధతి. వెయ్యి మార్పులలో ఒకటి దోషమైనప్పుడు, సరిగా నడుమనున్న రూపమును పరీక్షించినచో దోషము ఏ సగములో నున్నదో తెలియును. ఆ సగమును మరల సగము చేయవలెను. ఇట్లు సుమారు 10 పరీక్షలతో ఒక్క మార్పును పట్టుకొనవచ్చును. ఈ విధముగా వెదకగా దోషము బ్లాక్ విభాగములో తేలినది.

అది ఎట్టిదనగా: డిస్కు “తీరిక లేదు” అని బదులిచ్చినప్పుడు కోరిక వెనుకకు వచ్చి వరుసలో నిలుచుచుండెను. అప్పటికే దాని పట్టిక సిద్ధమైయుండును. ఆ తరువాత దానికి పక్కచోటి మరియొక కోరికను కలుపుచుండిరి. పట్టిక మాత్రము పాతదే. గిడ్డంగి వద్ద చోటు లేక తిరిగివచ్చిన బండిపై మరి రెండు బస్తాలు వేసి, పాత చీటీతోనే పంపినట్లయినది. చీటీలో నున్న బస్తాలే దింపుకొందురు గదా! అట్టి కోరికతో మరి దేనిని కలుపరాదను సవరణను ఆక్స్‌బో వ్రాయగా, డిసెంబరులో అది అందరికిని చేరినది.

ఫైల్ సిస్టము వారొక్కరే వెదకినను, బ్లాక్ విభాగము వారొక్కరే వెదకినను ఈ దోషము ఇంత త్వరగా చిక్కెడిది కాదు. కెర్నెల్ రచనలో నున్న నియమములు ఇందుకే. ఎంతటివాడైనను తన సవరణను పదిమంది ముందుంచవలెను. ఇతరులు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. 2004 నుండి ప్రతి సవరణ కింద తన పేరు వ్రాసి, దానిని సమర్పించు హక్కు తనకు కలదని ధ్రువపరచవలెను. చదివినవారు, పరీక్షించినవారు కూడ తమ పేర్లు చేర్చుదురు.

ఈ పనిలో విద్యార్థులకును చోటు కలదు. సీ భాషను నేర్వవలెను. క్యూఈఎంయూ వంటి ప్రోగ్రాముతో కల్పిత కంప్యూటరును, అందు కల్పిత ఎన్.వి.ఎం.ఇ. డిస్కును ఏర్పరచుకొని పరీక్షింపవచ్చును. పొరపాటు జరిగినను అసలు డిస్కు చెడదు. దోషము కనబడినప్పుడు ఏ రూపములో, ఏ యంత్రముపై, ఏ క్రమములో వచ్చినదో స్పష్టముగా వ్రాసి తెలుపుట కూడ గొప్ప సహాయమే.

ఉర్దూలోనైనను మన తెలుగులోనైనను అమానతు అను మాట అందరెరిగినదే. ఒకరు నమ్మి మన వద్ద దాచిన సొమ్ము అది. బ్యాంకు ఖాతా, పొలము లెక్క, పిల్లవాని మార్కుల పట్టిక – ఇవన్నియు డ్రైవరు చేతిలో నుంచిన అమానతులే. దాచినవారు డ్రైవరు వ్రాసినవారిని ఎన్నడును చూడరు. చూడని వారి సొమ్మును కాపాడు పని గనుకనే, అది ఒక్కరి తెలివికి విడువక పదిమంది కన్నుల ఎదుట జరుగవలెను.