పీఈటీ కొలువు వేరు, చిన్నపిల్లలకు ఆట నేర్పడం వేరు

“సదువు అబ్బుతలేదు సార్. పొద్దంత గ్రౌండ్ల్నే ఉంటడు. బీపీఎడ్‌ల ఏస్తే పీఈటీ అయితడు గదా?”

ఇంటర్ ఫలితాలు వచ్చాక బోధన్, ఎడపల్లి, వర్ని వైపు నుంచి నిజామాబాద్‌లో నా దగ్గరికి సలహా కోసం వచ్చే తండ్రుల్లో చాలామంది ఇదే మాట అంటారు. పక్కన కొడుకు తలొంచుకుని కూర్చుంటాడు. ఆ మాటలో కొడుకంటే చిన్నచూపు, పీఈటీ పని అంటే అంతకన్నా చిన్నచూపు. అయినా ఆ కొలువే కావాలంటారు.

ఎందుకు కావాలంటారో తెలియనిది కాదు. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ బోధన్ చుట్టుపక్కల కొన్ని తరాలను పోషించింది. ఎంత చదివినా చదవకపోయినా ఫ్యాక్టరీ ఉన్న షక్కర్‌నగర్‌లో ఏదో ఒక పని దొరక్కపోదన్న ధీమా ఉండేది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి గేటు మూశాక ఆ ధీమా పోయింది. చెరకు వేసిన చేన్లలో ఇప్పుడు వరి కనిపిస్తోంది. పిల్లల ముందు మిగిలింది గల్ఫ్ వీసా, లేదంటే సర్కారు నౌకరీ. ఆ నౌకరీల్లో ‘పెద్దగా చదవకున్నా వచ్చేది’ పీఈటీయేనని ఎవరో ఒకరు చెవిన వేస్తారు.

అంకెలు చూద్దాం. టీచర్ల నియామకానికి పెట్టిన 2024 డీఎస్సీలో రాష్ట్రం మొత్తానికి 11,062 పోస్టులు. వాటిలో ప్రైమరీ బడి టీచర్లు, అంటే ఎస్‌జీటీలు 6,508. పీఈటీలు 182. ఆ 182ను 33 జిల్లాలకు పంచితే సగటున జిల్లాకు ఆరు కూడా రావు. ఆ ఐదారింటిలో మళ్లీ రోస్టర్ ఉంటుంది, మీడియం ఉంటుంది. మన పిల్లాడి కేటగిరీకి అసలు పోస్టే లేకపోవచ్చు. “టెట్ అక్కర్లేదు కదా సార్” అని కోచింగ్ సెంటర్ల వాళ్లు ఊరిస్తారు. నిజమే, పీఈటీకి టెట్ అడగరు. టెట్ వెయిటేజీ లేదంటే భారమంతా ఒక్క రాతపరీక్ష మీదే పడుతుందని మాత్రం చెప్పరు. అందులో శరీర నిర్మాణం అడుగుతారు, వ్యాయామ శాస్త్రం అడుగుతారు, మనస్తత్వశాస్త్రం అడుగుతారు, వాలీబాల్ కోర్టు కొలత దగ్గర్నుంచి జావెలిన్ బరువు దాకా అడుగుతారు. పుస్తకం ముట్టని పిల్లాడు అక్కడ నెగ్గుకు రాలేడు. చదువు రాదని ఈ దారిలోకి తోసిన పిల్లాడు ఇక్కడా చదివి తీరాల్సిందే.

ఈ తండ్రులకు ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. ఒకటి నుంచి ఐదు తరగతులుండే సర్కారు ప్రైమరీ బడిలో పీఈటీ పోస్టే ఉండదు. డ్రిల్ సార్ ఉండేది హైస్కూల్లో. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది, ఆట సామాను ఇవ్వాలంది. వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ మాటకొచ్చేసరికి ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ వందమందికి పైగా పిల్లలున్న చోటే అంది. అంటే పరుగెత్తడం, దూకడం, విసరడం నేర్చుకోవాల్సిన వయసులో ఆ పని నేర్పే మనిషి బడిలో లేడు. ఉన్నది ఎస్‌జీటీ ఒక్కరే. తెలుగూ ఆయనే, లెక్కలూ ఆయనే, ఆటలూ ఆయనే.

అందుకే నా దగ్గరికి వచ్చి “నాకు చిన్నపిల్లలతో ఆడించడం ఇష్టం సార్” అనే అమ్మాయికైనా అబ్బాయికైనా నేను ముందు చెప్పేది డీఎడ్ దారి. డీసెట్ రాసి, నిజామాబాద్‌లోని సర్కారు డైట్‌లో సీటు తెచ్చుకుంటే రెండేళ్ల చదువు, ఫీజు భారం తక్కువ. ప్రైమరీ టీచరు పోస్టుకు బీఎడ్ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చాక ఆ పోస్టులకు డీఎడ్ వాళ్లే మిగిలారు. పోస్టుల సంఖ్య పైన చెప్పాను, 6,508 ఎక్కడ, 182 ఎక్కడ? టెట్ తప్పదు, గణితం తప్పదు. కానీ ఉద్యోగం వచ్చాక మీ తరగతి మీది, మీ పీరియడ్ మీది. మీ ఆటల పీరియడ్‌ను లెక్కల సారు లాక్కుపోడు, ఎందుకంటే ఆ లెక్కల సారూ మీరే.

ఆ పీరియడ్‌లో ఏం చేయొచ్చో వర్ని దగ్గర ఒక క్యాంపు బడిలో చూశాను. మూడో తరగతి, పాతిక మంది దాకా పిల్లలు. బడిలో ఉన్నది ఒకే ఒక్క వాలీబాల్, అందులోనూ గాలి లేదు. టీచరమ్మ పిల్లలతో పాత పేపర్లు ఉండలు చుట్టించింది. సైకిల్ ట్యూబును సన్నగా కోసి వాటికి రబ్బరు కట్లు వేయించింది. తలా ఒక బంతి తయారైంది. ముందు గోడకు కొట్టి పట్టుకోవడం, తర్వాత జోడీగా నిలబడి ఒకరికొకరు విసురుకోవడం, పట్టగలిగిన జోడీ ఒక అడుగు వెనక్కి. కుడిచేత్తో విసిరేటప్పుడు ఎడమకాలు ముందుకు రావాలని ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు, నేల మీద సున్నంతో ఒక పాదం బొమ్మ గీసి అక్కడ కాలు పెట్టమంది, అంతే. పావుగంటలో చేయి ఆడించని పిల్ల లేదు.

దీనికి ఎదురుగా మన పట్టణంలో పెద్ద బోర్డు పెట్టుకున్న బడుల్లో జరిగేది చూడండి. నలభై మందికి ఒక ఫుట్‌బాల్. గట్టిగా ఉన్న ఏడెనిమిది మంది ఆడతారు, మిగతావాళ్లు గోడ నీడన కూర్చుంటారు. లేదంటే ‘అవుట్’ అయిపోయే ఆటలు. నెమ్మదిగా ఉరికే పిల్లాడు మొదటి నిమిషంలోనే అవుట్. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాడే అందరికన్నా ఎక్కువసేపు కూర్చుంటాడు. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి రెండు పీరియడ్లు పెట్టి అందులో ముప్పావు వంతు లైన్లో నిలబెట్టే బడి ఆ లెక్కకు ఎప్పుడు చేరుతుంది? ప్రైమరీలో పనిచేయాలనుకునేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఇదే: నలభై మందిని ఒకేసారి కదిలించడం. మీ జిల్లా స్థాయి కబడ్డీ సర్టిఫికెట్ ఈ విషయంలో మీకు పనికిరాదు.

ఇక్కడ నిఖత్ జరీన్ పేరు రాక తప్పదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయిన నిజామాబాద్ బిడ్డ. మనందరికీ గర్వమే. కానీ ఆమె గెలిచినప్పటినుంచి రెండో తరగతి పిల్లల్ని తీసుకొచ్చి “బాక్సింగ్‌కు మంచి అకాడమీ చెప్పండి” అనే తల్లిదండ్రులు పెరిగారు. నిఖత్ మొదట పరుగుపందేల అమ్మాయి. స్వయంగా ఆటగాడైన తండ్రి ఆమెను ముందు ట్రాక్ మీద ఉరికించాడు. గ్లౌజులు వేసుకునేనాటికి ఆమెకు పన్నెండు పదమూడేళ్లుంటాయి. ఆ మధ్యలోని ఏళ్లను ఎగ్గొట్టి ఆరేళ్ల పిల్లకు గ్లౌజులు తొడిగితే ఏమొస్తుంది, మణికట్టు నొప్పి తప్ప.

హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ విషయమూ అంతే. నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి ఎగిరే దూరం, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్లు చూస్తారు. పిల్లల్లో సహజంగా ఉన్న వేగాన్ని, పెరిగే తీరును కొలిచే పరీక్షలివి. వీటికోసం ఎనిమిదేళ్ల పిల్లాడిని తెల్లారకముందే లేపి నెలల తరబడి ‘కోచింగ్’ ఇప్పిస్తున్నామంటే నాకు ఒళ్లు మండుతుంది. దరఖాస్తు పెట్టండి, తప్పులేదు. వస్తే పంపండి. రాకపోతే వాడిని ‘ఫెయిల్’ అనకండి. వాడికి ఎనిమిదేళ్లు.

సరే, ఎస్‌జీటీ వద్దు, ఆటే నా చదువు, పెద్దపిల్లలైనా ఫర్వాలేదు అంటారా? అది మంచి దారే, కళ్లు తెరుచుకుని వెళ్లాలి. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీపీఎడ్, డిగ్రీ తర్వాత రెండేళ్ల బీపీఎడ్, రెండింటికీ ప్రవేశ పరీక్ష పీఈసెట్. అందులో 100 మీటర్లు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హై జంప్, అబ్బాయిలకు 800 మీటర్లు, అమ్మాయిలకు 400, పైన మీకొచ్చిన ఒక ఆట. దీనికి డబ్బు పోసి కోచింగ్ ఎందుకో నాకర్థం కాదు. గిరిరాజ్ కాలేజీ గ్రౌండ్‌లో ఓ మూడు నెలలు పొద్దున్నే ఉరికితే సరిపోతుంది. నన్నడిగితే, ఇంటర్ అయిన పిల్లాడికి ఒళ్లూ బుర్రా రెండూ చురుకైతే 1957లో మొదలైన గ్వాలియర్ వ్యాయామ విద్యా సంస్థ ఎల్ఎన్ఐపీఈలో నాలుగేళ్ల బీపీఎడ్‌కు ప్రయత్నించమంటాను. అక్కడ చదివితే పీఈటీ ఒక్కటే గతి అనే పరిస్థితి ఉండదు. డీపీఎడ్ ఒక్కటి చేతపట్టుకుని డిగ్రీ లేకుండా ఆగిపోవడం నాకు అస్సలు నచ్చదు. గురుకులాల్లో ఐదో తరగతి నుంచే పిల్లలుంటారు కాబట్టి వాటి నోటిఫికేషన్ల మీదా ఓ కన్నేసి ఉంచండి.

పటియాలా ఎన్ఐఎస్ డిప్లొమాను దీంతో కలిపేసుకోవద్దు. అది ఒక ఆటకు కోచ్‌ను తయారుచేసే చదువు. బడిలో పీఈటీ పోస్టుకు అది బీపీఎడ్ బదులు చెల్లదు.

సరిహద్దు జిల్లా కాబట్టి మనకు ఒక ప్రత్యేకమైన బెడద ఉంది. “అవతలి రాష్ట్రంలో కాలేజీ ఉంది, క్లాసులకు పోనక్కర్లేదు, పరీక్షలకు పోతే చాలు, సర్టిఫికెట్ గ్యారంటీ” అని ఏజెంట్లు తిరుగుతుంటారు. బీపీఎడ్ అంటే రెండేళ్లు గ్రౌండ్‌లో ఉండి, బళ్లలో ప్రాక్టీస్ టీచింగ్ చేసి తెచ్చుకోవాల్సిన చదువు. ఇంట్లో కూర్చుని తెచ్చుకున్న కాగితం మీద సెలక్షన్ వచ్చినా సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో ఎక్కడ దొరికిపోతామోనన్న భయం ఉద్యోగమంతా వెంటాడుతుంది. అన్నిటికీ మించి, ఆ కాగితంతో బడికి వెళ్లినవాడికి కిందపడి చేయి విరిగిన పిల్లాడిని ఎలా లేపాలో తెలియదు. ఫీజు కట్టేముందు, టీచర్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరూ, ఆ కోర్సు పేరూ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. కాలేజీకి గుర్తింపు ఉండి ఆ కోర్సుకు లేకపోవచ్చు.

ప్రైవేటు బడుల్లో ప్రైమరీకి పీఈటీలను పెట్టుకుంటారు, అవకాశాలూ ఉంటాయి. జీతం మాట ఎలాగూ అడుగుతారు. దానితోపాటు పన్నెండు నెలలకిస్తారా, ఎండాకాలం ఎగ్గొడతారా అడగండి. బస్ డ్యూటీ ఎన్ని ట్రిప్పులో, ఏప్రిల్‌లో ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు తేవాలో లేదో అడగండి. పరీక్షల నెలలో గేమ్స్ పీరియడ్ ఉంటుందా అనీ అడగండి. పీఈటీ చేతికి బెత్తమిచ్చి క్రమశిక్షణ అప్పజెప్పే బడి అయితే ఆలోచించుకోండి. పొద్దున అసెంబ్లీలో కొట్టిన మనిషి దగ్గరికి మధ్యాహ్నం పిల్లలు ఆటకు ఉరికి రారు.

అమ్మాయిల తల్లిదండ్రులకు ఒక మాట. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మన జిల్లా పిల్లే, భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆడే గుగులోత్ సౌమ్యా మన జిల్లా పిల్లే. వాళ్ల ఫొటోలకు దండలు వేస్తాం, మన అమ్మాయి ట్రాక్ ప్యాంట్ వేసుకుని పీఈటీ అవుతానంటే మాత్రం “పెండ్లి సంబంధాలెట్ల వస్తయి” అంటాం. నాలుగైదు తరగతుల ఆడపిల్లలు ఆటకు దూరం జరగడం మొదలయ్యేది గ్రౌండ్‌లో తమలాంటి ఒక మేడమ్ కనిపించనప్పుడే.

ఏ కోర్సుకైనా దరఖాస్తు పెట్టేముందు ఒక పని చేయండి. మీ ఊరి ప్రైమరీ బడి హెడ్‌మాస్టర్ అనుమతి తీసుకుని నాలుగు శనివారాలు ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని ఆడించండి. విజిల్ తీసుకెళ్లకండి. సున్నం, పాత పేపర్లు, నాలుగు తాళ్లు చాలు. ఒకడు ఏడుస్తాడు, ఒకడు చెప్పులు పోగొట్టుకుంటాడు, ఇద్దరు కొట్టుకుంటారు, ఒక పిల్ల మీ చేయి పట్టుకుని వదలదు. నాలుగో శనివారానికి కూడా వెళ్లాలనిపిస్తే అప్పుడు డీసెట్టో పీఈసెట్టో మాట్లాడుకుందాం.